తరిగిన శక్తి జాడ: ఆచార్య సూరి భగవంతము

హైదరాబాదు నగరమునకు తూర్పున, దిల్‌సుఖ్‌నగరు మొదలుకొని లాల్‌బహదూర్‌నగరు వరకు విజయవాడ రహదారి చెంత వెలసిన శిక్షణాలయములలో ఏటేట వేలకొలది విద్యార్థులు భౌతికశాస్త్రము నభ్యసించుచున్నారు. పోటీపరీక్షల కొరకు వారు వల్లించు లెక్కలలో అభిఘాతములను గూర్చిన లెక్క యొకటి తప్పక యుండును. ఒక కిలోగ్రాము దిమ్మ సెకనుకు 4 మీటర్ల వేగముతో వచ్చి, కదలక యున్న మరియొక కిలోగ్రాము దిమ్మను తాకి, దాని కంటుకొని పోవును. రెండును కలిసి సెకనుకు 2 మీటర్ల వేగముతో సాగును. ద్రవ్యవేగము తాకిడికి ముందు నాలుగు, తరువాతను నాలుగే. గతిజశక్తి మాత్రము 8 జౌలులనుండి 4 జౌలులకు దిగిపోవును. విద్యార్థి సగము శక్తి నష్టమైనదని వ్రాసి తరువాతి ప్రశ్నకు పోవును, మార్కులు లభించును. ఆ నాలుగు జౌలులు ఎచ్చటికి పోయినవని అడుగు విద్యార్థి అరుదు. అడిగినను, వేడిగాను ధ్వనిగాను మారినవని ఒక్క వాక్యముతో ఉపాధ్యాయుడు ముగించుట కలదు.

ఆ వాక్యమును అంతటితో ముగింపక, పోయిన శక్తి యెంత, అది లోపల ఏమి చేయుచున్నది, దానినిబట్టి వస్తువు అంతర్నిర్మాణమును గూర్చి ఏమి తెలియును అని పరిశోధించిన తెలుగువారిలో అగ్రగణ్యులు ఆచార్య సూరి భగవంతముగారు. వారు తాకించినవి దిమ్మలు కావు, కాంతికణములు, అణువులు. లాల్‌బహదూర్‌నగరు కూడలినుండి చాంద్రాయణగుట్ట వైపు పోవు వలయ రహదారిలో డి.ఎం.ఆర్.ఎల్. చౌరస్తా యని నేడు బస్సువారు సయితము పిలుచు చోటు కలదు. ఆ ప్రాంతమున నెలకొన్న రక్షణ ప్రయోగశాలల తొలినాటి చరిత్రతోను వారికి సంబంధము కలదు. కాని ఆ కథ చివరకు రావలసినది.

భగవంతముగారు 1909 అక్టోబరు 14వ తేదీన కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించిరి. ఉన్నత విద్యకు హైదరాబాదు వచ్చి నిజాం కళాశాలలో చేరిరి. ఆ కాలమున ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండెను. 1928లో వారు పట్టభద్రులగు నాటికి వయస్సు పందొమ్మిదియైన నిండలేదు. ఆ సంవత్సరమే ఫిబ్రవరి 28వ తేదీన కలకత్తాలో చంద్రశేఖర వేంకట రామనుగారు, కె. ఎస్. కృష్ణనుగారి తోడ్పాటుతో, తరువాత తమ పేరనే ప్రసిద్ధమైన ఫలితమును కనుగొనియుండిరి. పట్టా పుచ్చుకొన్న యువకుడు ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొను దినములవి. భగవంతముగారు తిన్నగా కలకత్తా చేరి రామనుగారి శిష్యులైరి.

ఆ ఫలితమును అభిఘాతపు భాషలో చెప్పుకొనుట మన విద్యార్థులకు సులభము. పిల్లలు గోళీలాడునపుడు, సమానమైన గోళీ యొకటి సూటిగా వచ్చి నిలిచియున్న గోళీని తాకినచో, వచ్చినది ఆగిపోవును, నిలిచియున్నది దాదాపు అదే వేగముతో కదలిపోవును. ద్రవ్యవేగమును నిలిచినది, గతిజశక్తియు నిలిచినది. ఇట్టిది స్థితిస్థాపక అభిఘాతము. అదే గోళీ తడిమట్టి ముద్దను తాకి అందులో దిగబడినచో, ద్రవ్యవేగపు లెక్క చెడదు గాని గతిజశక్తి తరుగును. ఇది అస్థితిస్థాపకము. మొదటిదానికంటె రెండవది లోపభూయిష్ఠమైనదని విద్యార్థికి తోచుట సహజము. పేరులోనే లేమి యున్నది గదా! కాని తెలిసికొనదగిన విషయము రెండవదానిలోనే దాగియున్నది. గోళీ గోళీని తాకి యథాశక్తితో పోయినపుడు, ఆ గోళీ లోపల ఏమి యున్నదో మనకు తెలియదు. కుమ్మరి వద్ద కుండ కొను గృహిణి దానిని మెటికతో కొట్టి చూచును. కొట్టిన దెబ్బలో కొంత శక్తి కుండలో నిలిచి దానిని మ్రోగించును. ఆ మ్రోతనుబట్టి పగులు ఉన్నదో లేదో ఆమె చెప్పగలదు. కుండలో ఏ కొంచెమును నిలువక దెబ్బ అంతయు తిరిగి వేళ్లకే వచ్చినచో, ఆమెకు తెలియునది శూన్యము.

కాంతి కూడ కణములవలె ద్రవ్యవేగమును మోసికొని పోవునని 1923లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆర్థర్ కాంప్టను ఎక్స్ కిరణములతో చూపియుండెను. ఎలక్ట్రానును తాకిన ఎక్స్ కిరణకణము కొంత శక్తిని దానికిచ్చి, తాను తక్కువ శక్తితో ప్రక్కకు తిరిగిపోవును. రెండు గోళీల లెక్కలోవలెనే ద్రవ్యవేగము, శక్తి రెండును ఖచ్చితముగ సరిపోయినవి. అది స్థితిస్థాపకమే, ఎలక్ట్రాను పుచ్చుకొన్నది కదలికను మాత్రమే. రామనుగారి ఫలితములో తాకబడునది ఎలక్ట్రాను కాదు, అణువు. అణువులో పరమాణువులు బంధములతో కట్టబడి, స్ప్రింగులతో కూర్చిన గుండ్లవలె కంపించుచుండును. దానిని తాకిన కాంతికణములలో మిక్కిలి పెద్ద భాగము వచ్చిన శక్తితోనే, వచ్చిన రంగుతోనే చెదరిపోవును. ఏ కోటికొకటియో మాత్రము అణువులో కొంత కంపనశక్తిని విడిచి, తాను ఎరుపువైపు జరిగిన రంగుతో వెలువడును. తరిగిన శక్తి యెంతయో, ఆ అణువు కంపనము అంత. కుండ మ్రోత విన్నట్లు, రంగులోని మార్పునుబట్టి అణువు లోపలి కట్టడి వినబడును.

ఇందులో మరియొక వింత కలదు. అప్పటికే కంపించుచున్న అణువును కాంతికణము తాకినచో, అణువే తన శక్తిని దాని కిచ్చి పంపవచ్చును. అపుడు కాంతి నీలమువైపు జరిగి, వచ్చినదానికంటె ఎక్కువ శక్తితో వెలువడును. నొక్కి కట్టిన స్ప్రింగు తాకిడిలో విడివడి గోళీని మరింత వేగముగ నెట్టినట్లు. అభిఘాతములో శక్తి తరుగుటయే గాని పెరుగుట లేదని బట్టీపట్టిన విద్యార్థి ఇచ్చట ఒక నిమిషము ఆగవలెను.

కలకత్తాలో భగవంతముగారు చేపట్టిన పదార్థములలో వజ్రమొకటి. ఆంధ్రదేశపు గనులనుండి వెలికివచ్చి గోలకొండ పేరిట జగత్ప్రసిద్ధి గాంచిన రత్నముపై ఒక తెలుగు యువకుడు కాంతిని ప్రసరింపజేసి దాని లోపలి తాళమును కొలుచుట ముచ్చటైన విషయము. పాదరస దీపపు నీలికాంతి తరంగదైర్ఘ్యము 435.8 నానోమీటర్లు. అది వజ్రమునుండి చెదరునపుడు, మారని రేఖకు దూరముగా దాదాపు 462.7 నానోమీటర్ల వద్ద ఒంటరిగా ఒక సన్నని రేఖ కనబడును. వర్ణపట శాస్త్రజ్ఞుల లెక్కలో ఈ తేడా సెంటీమీటరుకు 1332 తరంగములు. అనగా ప్రతి కాంతికణము తన శక్తిలో నూటికి ఆరు పాళ్లకు కొంచెము తక్కువగా వజ్రములో విడిచిపోయినది. వజ్రములో కర్బన పరమాణువులు ఒకదానిలో నొకటి చొచ్చుకొనియున్న రెండు జాలకములుగా అమరియున్నవి. ఆ రెండు జాలకములు ఒకదాని కెదురుగా ఒకటి సెకనుకు దాదాపు 40 లక్షల కోట్ల మారులు ఊగుటకు ఆ విడిచిన శక్తి వినియోగమైనది. ఇంతటి వేగముగ ఊగుటకు కారణము కర్బన పరమాణువు తేలిక, దాని బంధము గట్టిది. వజ్రము కాఠిన్యమునకును మూలమదియే. ఈ రేఖను గూర్చి 1930లో వెలువడిన తొలి పరిశోధనలలో సి. రామస్వామిగారి పరిశోధనతో పాటు భగవంతముగారిదియు నొకటి. అప్పటికి వారికి ఇరువదియొక సంవత్సరములు.

ఆ రోజులలో ఇట్టి రేఖను పట్టుటకు ఛాయాచిత్రపు పలకను గంటలకొలది, ఒక్కొక్కపుడు దినములకొలది కాంతికి తెరచి ఉంచవలసి వచ్చెడిది. నేడు లేసరు కిరణముతో క్షణములలో అగు పని యిది. యంత్రము మారినది గాని లెక్క మారలేదు.

మరుసటి సంవత్సరము, 1931లో, గురుశిష్యులు కలిసి అభిఘాతపు లెక్కలో మరియొక పద్దును తెరచిరి. ద్రవ్యవేగము తిన్నగా సాగు కదలికకు మాత్రమే గాక, తిరుగుడుకును కలదు. దానిని కోణీయ ద్రవ్యవేగమందురు. బొంగరమునకు గలది అదియే. కాంతికణమునకు కూడ బొంగరమువలె తనదైన భ్రమణము కలదా? కలదనియు, దాని పరిమాణము ప్లాంకు స్థిరాంకముచే నిర్ణయింపబడు ఒక్క యూనిటనియు, కాంతి పరిక్షేపణ ప్రయోగములనుండి వారు నిరూపింపబూనిరి. తర్కము సులభముగనే చెప్పవచ్చును. ఒక దిశగా తిరుగుచు వచ్చిన కాంతికణము, ముందుకే పోవుచు, భ్రమణమును తారుమారు చేసికొని వెలువడినచో, కూడికలో ఒకటి పోయి, తీసివేతలో ఒకటి వచ్చినది. అనగా రెండు యూనిట్ల తేడా. ఆ రెండింటిని ఎవరో పుచ్చుకొనవలెను. పుచ్చుకొన్నది తిరుగుచున్న అణువు. అణువుల భ్రమణ వర్ణపటములో మెట్లు రెండేసి చొప్పున నుండుటతో ఈ లెక్క సరిపోవుచున్నది. గతిజశక్తివలె రూపు మార్చుకొని తప్పించుకొను వెసులుబాటు ద్రవ్యవేగమునకు లేదు. తిన్ననిదైనను, తిరుగుడుదైనను, పైసతో సహా అప్పగింపవలసినదే.

1932లో వారు వాల్తేరు చేరి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున భౌతికశాస్త్ర బోధకులైరి. సర్వేపల్లి రాధాకృష్ణనుగారు ఉపాధ్యక్షులుగ నున్న కాలమది. కలకత్తావంటి వసతులు అచ్చట నుండుట కవకాశము లేదు. అయినను పదునారేండ్ల వాల్తేరు నివాసమే వారి శాస్త్రజీవితములో సారవంతమైన భాగమని ఈ వ్యాసకర్త అభిప్రాయము. ప్రయోగమునకు డబ్బు చాలనిచోట వారు గణితమును ఆశ్రయించిరి.

వారి ముందున్న ప్రశ్న యిది. స్ఫటికములో పరమాణువులు అనేక విధముల ఊగగలవు. వానిలో కాంతి తాకిడిచే కదలునవి యేవి, కదలనివి యేవి? ప్రతి ఊపును విడిగా లెక్కింపబోయినచో జీవితకాలము చాలదు. కాని స్ఫటికమునకు సౌష్ఠవము కలదు. ముగ్గులోని చుక్కలవలె ఒక అమరిక మరల మరల వచ్చును. ఆ సౌష్ఠవమును సమూహ సిద్ధాంతమను గణితశాఖతో పరిశీలించినచో, ఏ ఊపు రామను వర్ణపటములో కనబడునో, ఏది కనబడదో ప్రయోగమునకు ముందే చెప్పవచ్చును. టి. వేంకటరాయుడుగారితో కలిసి భగవంతముగారు 1939లో ఈ పద్ధతిని స్ఫటికములకు అన్వయించి చూపిరి. 1948లో ఇరువురును కలిసి వ్రాసిన సమూహ సిద్ధాంత గ్రంథమును ఆంధ్ర విశ్వకళాపరిషత్తే ప్రకటించెను. అంతకుముందు 1940లో కాంతి పరిక్షేపణమును, రామను ఫలితమును గూర్చిన వారి గ్రంథమును వెలువరించినదియు ఆ సంస్థయే. వాల్తేరులో అచ్చయిన భౌతికశాస్త్ర గ్రంథములు విదేశ విశ్వవిద్యాలయములకు చేరుట ఆనాడు సామాన్య విషయము కాదు.

ఇదే కాలమున మరియొక కృషి జరిగెను. స్థితిస్థాపకమను మాట అభిఘాతపు లెక్కలో ఊరక తగిలించు విశేషణము కాదు. వస్తువును నొక్కినపుడు ఎంత నలిగి, వదలినపుడు ఎంతవరకు పూర్వరూపమునకు వచ్చునో దానిపై ఆధారపడిన గుణమది. స్ఫటికములో ఈ గుణము అన్ని దిక్కుల నొక్కటిగా నుండదు. జె. భీమసేనాచారిగారితో కలిసి భగవంతముగారు, చెవికి వినబడని శబ్దతరంగములను స్ఫటికములగుండ పంపి, వాని వేగమునుబట్టి స్థితిస్థాపక స్థిరాంకములను కొలుచు నూతన పద్ధతిని రూపొందించిరి. ఒత్తిడికి లోనైన స్ఫటికములో కాంతి నడక యెట్లు మారునో తెలుపు పూర్వపు పట్టికలను పరిశీలించి, సౌష్ఠవము ననుసరించి అందలి పొరపాట్లను 1942లో సవరించిరి.

స్వాతంత్ర్యానంతరము పదవులు ఒకటివెంట నొకటి వచ్చినవి. లండనులోని భారత హైకమిషనులో శాస్త్రసంబంధాధికారిగ కొంతకాలము పనిచేసి, 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యులై హైదరాబాదునకు మరలి వచ్చిరి. 1952 నుండి 1957 వరకు ఆ విశ్వవిద్యాలయమునకే ఉపాధ్యక్షులు. పిమ్మట 1962 వరకు బెంగుళూరు భారత విజ్ఞాన సంస్థకు సంచాలకులు. ఇంతటి ప్రతిభావంతుడు కాగితముల కట్టలలో చిక్కుకొనుట శాస్త్రమునకు నష్టమని విచారించువారు కలరు. ఆ విచారము నిరాధారము కాదు. 1930 నాటి వేగముతో పరిశోధనలు తరువాత వెలువడలేదు. ఐనను 1966లో, రక్షణశాఖ బాధ్యతల నడుమ, స్ఫటిక సౌష్ఠవమునకును భౌతికగుణములకును గల సంబంధమును గూర్చి వారు వెలువరించిన గ్రంథమును చూచినవారు, ఆయన లెక్కల పుస్తకమును ఎన్నడును మూయలేదని గ్రహింతురు.

1961లో దౌలత్‌సింగు కోఠారిగారి అనంతరము వారు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారులైరి. 1969 వరకు ఆ పదవిలో నుండిరి. 1962లో చైనాతోను, 1965లో పాకిస్తానుతోను యుద్ధములు వచ్చిన కాలమది. రెండవ యుద్ధకాలపు ప్రధానమంత్రి లాల్‌బహదూర్ శాస్త్రిగారి పేరే నేడు మనము పొడి అక్షరములలో ఎల్.బి. నగరని పిలుచు పేటకు నిలిచియున్నది. భగవంతముగారు సలహాదారులుగ నున్న కాలముననే, 1962లో, క్షిపణుల కొరకు ఏర్పడిన డి.ఆర్.డి.ఎల్. ఢిల్లీనుండి హైదరాబాదునకు తరలివచ్చెను. 1963లో లోహపరిశోధన కొరకు డి.ఎం.ఆర్.ఎల్. రూపొంది, తరువాత కంచన్‌బాగున స్థిరపడెను. ఆ చౌరస్తాకు ఆ పేరు అట్లు వచ్చినదే.

ఆ లోహ ప్రయోగశాలలో తరువాతి తరమువారు యుద్ధశకటములకు ఒక మిశ్రమ కవచమును తయారు చేసిరి. ఊరిపేరునుబట్టి దానికి కాంచన కవచమని పేరు వచ్చెను. అర్జున్ ట్యాంకునకు తొడిగినది అదియే. భగవంతముగారు దానిని కనిపెట్టలేదు. కాని దిల్‌సుఖ్‌నగరు విద్యార్థి నోటుపుస్తకములోని దిమ్మల లెక్క పూర్తి బరువుతో కనబడునది అచ్చటనే. గణించి చూతము. 5 కిలోగ్రాముల గుండు సెకనుకు 1500 మీటర్ల వేగముతో వచ్చి, నిలిచియున్న 50 టన్నుల శకటములో దిగబడినదనుకొందము. ద్రవ్యవేగము 7500. అది నిలువవలెను గాన, శకటము గుండుతో సహా సెకనుకు 15 సెంటీమీటర్ల వేగముతో కదలును; పిల్లవాడు నడచునంత వేగమైనను లేదు. ఇక గతిజశక్తి: గుండు తెచ్చినది 56,25,000 జౌలులు. కదలిన శకటమునకు మిగిలినది దాదాపు 560 జౌలులు. మిగులు వంతు గుండు ద్రవ్యరాశిని మొత్తము ద్రవ్యరాశితో భాగించినంత. సమానమైన దిమ్మలలో అది సగమైనది, ఇచ్చట పదివేలలో ఒక వంతయినది. తక్కిన యేబదియారు లక్షల పైచిలుకు జౌలులు ఎచ్చటికి పోవలెను?

లోపలి సైనికుని ప్రాణము ఈ ప్రశ్నకు వచ్చు సమాధానముపై ఆధారపడియున్నది. ద్రవ్యవేగము వలన ఆతనికి భయము లేదు. అది శకటమును ఒకింత కుదిపి ఊరకుండును. శక్తి మాత్రము ఏదో యొకదానిని చీల్చియో, కరగించియో తీరును. అది మనుష్యునిపై పడకుండ కవచపు పొరలు తమలో తాము పగిలి, వంగి, వేడెక్కి, గుండును కూడ తునకలు చేసి, ఆ శక్తిని వెచ్చించివేయవలెను. కావున కవచము చేయువానికి లోహపు కణములలో, పింగాణిలో, వాని బంధములలో శక్తి యే త్రోవన పోవునో తెలియవలెను. కలకత్తాలో వజ్రమునకు వేసిన ప్రశ్న యిదియే. అచ్చట కాంతికణము, ఇచ్చట ఫిరంగి గుండు.

ఉపాధ్యాయులకొక మనవి. పాఠశాలలో ఈ పాఠము చెప్పునపుడు ఒక గోళీని నాపరాతిపైనను, పళ్లెములో పోసిన యిసుకపైనను ఒకే యెత్తునుండి విడిచి చూపినచో చాలును. ఎగిరినది ఎంతయో స్కేలుతో కొలిపించి, ఎగురనిది ఎచ్చటికి పోయినదో పిల్లలచేత వెదకింపవలెను. ఇసుకలో పడిన గుంట, రాతిపై వినబడిన టక్కుమను చప్పుడు వారికి సమాధానమిచ్చును.

భగవంతముగారు సత్యసాయిబాబాగారి భక్తులై, సభలలో వారి తెలుగు ప్రసంగములను ఆంగ్లములో చెప్పుచుండిరి. శాస్త్రజ్ఞుడు ఆ పని చేయుట కొందరికి ఆశ్చర్యము కలిగించెను. అది వేరు చర్చ. 1989 ఫిబ్రవరి 6వ తేదీన వారు కీర్తిశేషులైరి. వజ్రమని చెప్పి అమ్మజూపిన రాయి నిజముగ వజ్రమా కాదా యని తేల్చుటకు రత్నపరీక్షాశాలలలో నేడు దానిపై లేసరు కిరణమును ప్రసరింపజేసి, వెలువడు కాంతిలో 1332 వద్ద రేఖ యున్నదా యని చూచుచున్నారు.